నీడ పిడికిట్లో ఇరుసు

తెల్లవారకముందే లేచి వాకిట్లో పేడనీళ్ళ సాంపి చల్లడం బాలలక్ష్మి అలవాటు. చల్లుతూ చల్లుతూ తులసిగద్దె పక్కన కొంత జాగా మాత్రం పొడిగా వదిలేస్తుంది. అక్కడ ఆమె భర్త కొండల్ నీడ పడుకుని ఉంటుంది. కొండల్ ఉండేది షార్జాలో. అక్కడ ఇంకా తెల్లారదు కనుక నీడ కూడా లేవదు, ఒక చెయ్యి తల కింద పెట్టుకుని గాఢనిద్రలో ఉంటుంది. ఒకనాడు తొందరలో దాని కాళ్ళ మీద నీళ్ళు పడ్డాయి. ఆ తర్వాత వచ్చిన క్యాసెట్టులో కొండల్ గొంతు దగ్గుతూ అన్నది: "ఓ బాలా, జర చూసి చల్లు. పండుకున్నోని కాళ్ళు సల్లగై వారం దినాలు సర్ది పట్టింది."

అప్పట్లో ఆ దిక్కు ఇళ్ళలో ఉత్తరాలకన్నా క్యాసెట్లే ఎక్కువ నడిచేవి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే ఒక్క మనిషి సంచిలో చుట్టుపక్కల ఊళ్ళ మొగుళ్ళ గొంతులన్నీ కలిసి వచ్చేవి. కొండల్ గొంతు అట్లా వచ్చి పోతుండేది. ఒళ్ళు ఎడారిలో ఇటుకలు మోసేది. నీడ మాత్రం ఇంటిపట్టునే ఉండేది. గుట్టవెనుకపల్లెలో దీన్ని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోలేదు. దేశం పోయినవాళ్ళు ఇంట్లో ఏదో ఒకటి మరిచిపోవడం ఉన్నదే.

నిజానికి మరిచిపోయింది కొండల్ కాదు, పట్టుకున్నది అతని తల్లి చంద్రవ్వ. బొంబాయికి పోయే నాడు జీపువాడు హారన్ మీద హారన్ కొడుతుంటే, చంద్రవ్వ పీట తెచ్చి సరిగ్గా కొడుకు నీడ మీద వేసుకుని కూచుని ఏడ్వడం మొదలుపెట్టింది. లేవమంటే లేవలేదు. జీపు కదిలింది, మనిషి పోయాడు, పీట కింద నీడ మిగిలింది. దారిలో ఏ ఆఫీసరూ అడగలేదు. పాస్‌పోర్టులో నీడ ఊసే లేదాయె.

ఎండెక్కాక నీడ లేచి ఇంటి ముందరి సున్నపు గోడ మీదికి పోయేది. అక్కడ షార్జాలో కొండల్ ఏం చేస్తే ఇక్కడ గోడ మీద అదే చేసేది. ఇటుకలు నెత్తికెత్తుకునేది, లేని నిచ్చెనలు ఎక్కేది, నడుము పట్టుకుని కాసేపు నిలబడేది. చంద్రవ్వ గోడకు ఎదురుగా కూచుని పప్పు చెరుగుతూ, "ఇంక తిననే లేదు నా కొడుకు" అని గొణుక్కునేది. అయితే ఈమధ్య ఆ నీడ పలుచబడుతోంది. మొదట్లో కాటుక లాగా ఉండేది, ఇప్పుడు దాని వెనక గోడ పగుళ్ళు కనపడుతున్నాయి. ఈ మాట అత్త పైకి అనలేదు, కోడలూ అనలేదు. కానీ మనిషి తొందరగా ఇంటికి రాకపోతే ఒకనాటికి ఆ గోడ మీద సున్నం తప్ప ఏమీ మిగలదని ఇద్దరికీ తెలుసు. ఆ భయమే బాలలక్ష్మిని పొద్దున్నే నిద్ర లేపేది.

కొండల్ ఇంటికి రావాలంటే ఇంటి దగ్గర బతుకుదెరువు ఉండాలి. ఆ బతుకుదెరువు పేరు పాలు. ఊరికీ జగిత్యాల రోడ్డుకూ నడుమ ఒక గుట్ట అడ్డం. పాల వ్యాను పొద్దున్నే రోడ్డు మీదికి వచ్చి పోతుంది, గుట్ట ఎక్కి ఊళ్ళోకి రాదు. అందుకని ఊళ్ళో బర్రెలున్నా, పాలున్నా, అన్నీ చల్ల చేసుకుని తాగడానికే సరిపోయేవి. ఆ పాలన్నీ గుట్ట దాటిస్తానని బాలలక్ష్మి పాల సంఘానికి మాట ఇచ్చింది. ఊరి సైకిళ్ళు ఆ గుట్ట మొదట్లోనే మొరాయించేవి. ఆ సంగతి క్యాసెట్టులో విని కొండల్ ఓడ మీద ఒక గేరుసైకిల్ పంపించాడు. లావుపాటి టైర్లు, కాలితో తొక్కే పైడిళ్ళ దగ్గర మూడు పళ్ళచక్రాలు, వెనక దొంతర్లుగా మరికొన్ని. దానికి రెండు వైపులా పాలక్యాన్లు తగిలించుకుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, చిన్న చక్రం మీదికి గొలుసు మార్చుకుని బాలలక్ష్మి గుట్ట ఎక్కుతుంటే ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. నీడను చూసి నోరు తెరవని ఊరు, ఆడమనిషి గేరు మార్చడం చూసి తెరిచింది.

అంతా దారిన పడింది అనుకునే వేళ సైకిల్ కింది నుంచి కరకరమని చప్పుడు మొదలైంది. పైడిళ్ళు పక్కకు ఊగాయి. ఒక పొద్దున గుట్ట నడుమ బిగుసుకుపోయి ఇక తిరగనే లేదు. బాలలక్ష్మి ఆ రోజు ఒక క్యాను నెత్తిన పెట్టుకుని కొండ దిగి, మళ్ళీ వచ్చి రెండోది మోసింది. రెండోదానికి వ్యాను ఆగలేదు.

సైకిల్‌ను ఎడ్లబండిలో వేసుకుని చొప్పదండి పోయింది. అక్కడ మొండయ్య సైకిల్ షాపు. మొండయ్య సైకిల్‌ను తలకిందులు చేసి, విప్పి, లోపల వేలు పెట్టి చూశాడు. రెండు పైడిళ్ళ చేతులకు నడుమ, చట్రం అడుగున ఒక పొట్టి గొట్టం ఉంటుంది. దానికి రెండు పక్కలా మరలతో బిగించే కప్పులు, కప్పుల్లో ఛర్రాలనే ఉక్కుగుండ్లు, ఛర్రాల మీద తిరిగే ఇరుసు. ఇదంతా కలిపి మెకానిక్కులు బీబీ అంటారు. తొక్కేవాళ్ళ బలమంతా మోసేది అదే, ఎవరికీ కనపడనిదీ అదే. 'ఇంటికి కోడలు లెక్క' అని చంద్రవ్వ తర్వాతెప్పుడో అన్నది, మనసు బాగున్న రోజున.

"ఛర్రాలు పిండి పిండైనయ్ చెల్లె. ఇరుసు అరిగి వంకరవోయింది" అన్నాడు మొండయ్య. "కప్పులకు ఫికర్ లేదు. కుడిదిక్కుది ఉల్టా తిరుగుతది, ఎడమదిక్కుది సీదా తిరుగుతది, అన్ని మన సైకిళ్ళ మరలే. నా కాడున్నయే పడ్తయ్. ఛర్రాలు గూడ ఉన్నయ్. ఇరుసుతోనే పరేషాన్."

"ఇరుసు మీ దగ్గర లేదా అన్నా?"

"ఉన్నది గని మన ఇరుసుల కొనలు గుండ్రంగుంటయ్. పిన్ను కొట్టి బిగిస్తం. దీనియి జూడు, నలుచదరం కొనలు. ఇసోంటిది నేను చూడలే."

తెలియదని అంత తేలిగ్గా ఒప్పుకునే మెకానిక్కు దొరకడం అదృష్టమే. కానీ బాలలక్ష్మికి కావలసింది అదృష్టం కాదు, ఇరుసు. కరీంనగర్ పోయి టవర్ సర్కిల్ చుట్టూ ఉన్న దుకాణాలన్నీ తిరిగింది. పాత ఇరుసును కొంగులో కట్టుకుని పోయి, కౌంటరు మీద టక్కున పెట్టి, "గిట్లాంటిది" అనేది. ఒకడు పొడుగుది తెచ్చాడు, ఒకడు లావుది తెచ్చాడు, ఒకడు "గేర్లు తీసేసి మామూలు సైకిల్ చేసుకోమ్మా" అని సలహా తెచ్చాడు. ఆ సలహా ఇచ్చినవాణ్ణి గుట్ట ఎక్కించి క్యాన్లు తగిలిస్తే తెలిసేది.

చివరికి మొండయ్యే ఒక లావుపాటి దేశవాళీ ఇరుసు కొనలను ఆకురాయితో రాకి నలుచదరం చేశాడు. అది కొన్నాళ్ళు పని చేసింది. చేతితో రాకినది కదా, లోపల కొంచెం కొంచెంగా అరిగి, గుట్ట మీద ఏటవాలు మలుపులో పైడిల్ చెయ్యి గిర్రున జారిపోయింది. బాలలక్ష్మి ఒక పక్క, సైకిల్ ఒక పక్క, పాలు రాళ్ళ మీద. కొండగట్టు అంజన్న గుడి దిక్కు నుంచి వచ్చే కోతులకు ఆ వేళ పండుగ. ఆమె మోకాలి చిప్ప పగిలినంత పనైంది. అయినా కూచుని ఏడ్చే మనిషి కాదు. పట్టిందంటే ఉడుంపట్టు. కుంటుకుంటూ ఖాళీ క్యాన్లతో రోడ్డు దాకా పోయి, వ్యాను డ్రైవరుతో, "రేపు తెస్త" అని చెప్పి వచ్చింది. మర్నాడు నెత్తి మీద మోసుకుని పోయింది కూడా.

పాల సంఘం అధ్యక్షుడు జలపతిరావు మెత్తని మనిషి. ఆయన ఒకనాడు రోడ్డు మీద కలిసి, "నువ్వు కష్టపడుతున్నవు, కాదనను బాలలక్ష్మీ. కాని నెత్తి మీద ఎన్ని పాలొస్తయమ్మా? వచ్చే నెల గూడ గిట్లనే ఉంటే ట్రాక్టరున్నవాళ్ళకు ఇయ్యక తప్పదు" అన్నాడు.

"వచ్చే నెల సైకిలే వస్తది దొరా" అన్నది ఆమె. ఎట్లా వస్తుందో మాత్రం ఆమెకూ తెలియదు.

అసలు ఇరుసు పుట్టిన దేశం నుంచే తెప్పించాలని ఆ రోజు ఇంటికి పోతూ అనుకుంది. పక్క ఊరి అంతయ్య సెలవు ముగిసి షార్జా పోతున్నాడు. ఆ దిక్కు జనం గల్ఫ్ నుంచి గాజులు తెప్పించినా, చెప్పులు తెప్పించినా దాని కొలత ఒక నూలుపోగుతోనే పంపేవాళ్ళు. బాలలక్ష్మి కూడా అట్లాగే చేసింది. పాత ఇరుసు పక్కన పోగు సాగదీసి పట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా కోసి, కాగితం పొట్లంలో చుట్టి అర్ర గూట్లో పెట్టింది. పొద్దున అంతయ్య వచ్చి పొట్లం తీసుకుని పోయాడు.

ఇరుసు వచ్చింది. సెలవు మీద వచ్చిన ఇంకో మనిషి చేతికి కొండల్ ఇరుసూ క్యాసెట్టూ ఇచ్చి పంపాడు. అత్తాకోడళ్ళు టేపురికార్డరు ముందు కూచున్నారు.

"నువ్వు పంపిన పోగు దుకాణపోని ముందర పెట్టిన. వాడు నవ్విండు గని కొలిచే ఇచ్చిండు" అన్నది కొండల్ గొంతు. వెనక ఎవరో దగ్గుతున్నారు. "బాలా, ఒక్క మాట. వచ్చే ఒకటో తారీఖు నాడు కంపెనోళ్ళు మల్ల రెండేండ్లకు సంతకాలు తీసుకుంటున్నరు. నీ పాల పని నిలవడ్డదంటే నేను సంతకం పెట్టకుంట ఇంటికొస్త. నిలవడకపోతె వచ్చి ఏం జేయాలె నేను? నీ మొఖం, నా మొఖం చూసుకుంట కూసుంటమా? అవ్వ మంచిగున్నదా? కోడిని జర దూరం కొట్టుమను. నిన్న కాలేలు పొడిసింది."

చంద్రవ్వ లేచి వాకిట్లో కోడిని అదిలించింది. రెండేళ్ళు. బాలలక్ష్మి గోడ వైపు చూసింది. నీడ వెనక ఇప్పుడు ఇటుకల వరసలు కూడా లెక్కపెట్టవచ్చు. రెండేళ్ళు అది ఆగదు.

చొప్పదండిలో మొండయ్య కొత్త ఇరుసు చూసి కళ్ళకద్దుకున్నాడు. నలుచదరం కొనలు అచ్చంగా కుదిరాయి. ఛర్రాలు వేసి, కప్పులు బిగించి, పైడిళ్ళ చేతులు ఎక్కించి తిప్పాడు. కిర్రుమన్నది. పెద్ద పళ్ళచక్రం పోయి చట్రానికి రాసుకుంటోంది.

"ఇరుసు పొట్టిగున్నది. చక్రం లోపటికి గుంజుకున్నది" అన్నాడు మొండయ్య, మెడ గోక్కుంటూ. "ఒక పని జేస్త చెల్లె. చట్రాన్ని గిక్కడ సుత్తెతోని కొట్టి జర సొట్ట జేస్త. చక్రానికి జాగ అయితది."

"సొట్టకాడ బలం పోదా అన్నా?"

"పోతది గని..."

"గుట్ట దిగేటప్పుడు ఇరిగితె నా బొక్కలు ఏరుకోవాలె. వద్దు. ఇంటికి తగ్గ ఇరుసు కావాలె గని, ఇరుసుకు తగ్గట్టు ఇల్లు కూలగొడ్తమా?" అని బాలలక్ష్మి ఇరుసు విప్పించి తీసుకుని ఇంటికి వచ్చింది.

అరుగు మీద పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. కొత్తది వడ్లగింజ పొడుగు తక్కువ. అంతేకాదు. పాతదాని మీద ఛర్రాలు నడిచే రెండు గట్లు ఉన్నాయి, ఆ గట్ల నుంచి కుడి కొన పొడుగు, ఎడమ కొన పొట్టి. మూడు చక్రాలూ కుడి పక్కనే ఉంటాయి కనుక వాటికి చోటు కావాలి. కొత్తదాని కొనలు రెండూ ఒకటే తీరు. పోగుకు పొడుగు ఒక్కటే తెలుసు, గట్లు ఎక్కడో, ఏ కొన ఏ దిక్కో దానికేం తెలుసు? ఆ తప్పు తనదే. కానీ ఆ పొడుగు కూడా ఎందుకు తప్పింది?

"నేను సరిగ్గనే కోసిన. వెంట్రుక మందం గూడ తేడా లేదు" అన్నది బిగ్గరగా, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు.

చంద్రవ్వ చేటలో పప్పును అటూ ఇటూ చేసింది. తర్వాత గొంతు తగ్గించి, "ముడి ఏసిన తర్వాత జర తగ్గుతది గావచ్చు" అన్నది.

"ఏం ముడి?"

"పసుపుల ముంచి, అంజన్న పేరు మీద ఒక ముడి ఏసిన. ఉత్త పోగు పంపుతరా ఎవలన్న? ముడి లేని పోగు మనిషిని మల్ల ఇంటికి తెస్తదా? నువ్వు నిన్నగాక మొన్న వచ్చినదానివి, నీకేమెరుక?"

బాలలక్ష్మికి కోపం ముంచుకొచ్చింది. నోటి దాకా వచ్చిన మాట అత్త ముఖం చూసి ఆగిపోయింది. కొడుకు నీడ మీద పీట వేసుకున్న మనిషి పోగుకు ముడి వేయకుండా ఎట్లా ఉంటుంది? ఆ ముడిలో ఉన్నది అదే ఏడుపు. కోడలు లేచి ముంతెడు నీళ్ళు తాగి వచ్చి కూచుంది.

"అత్తా, ఒకటో తారీఖు వారం గూడ లేదు. ఇప్పుడు మనిషిని తోలినా అందడు. ఆయన ఉండే క్యాంపుల ఫోను లేదు. నేను పట్టు ఇడువలేదని ఆయనకెట్ల తెలవాలె?"

వాకిట్లో కోడి మళ్ళీ నీడ దగ్గరికి పోయి కాళ్ళు గీరుతోంది. గోడ మీద నీడ కాలు విదిలించింది. బాలలక్ష్మి దాన్ని చూస్తూ చాలాసేపు కూచుంది.

శుక్రవారం వచ్చింది. శుక్రవారం గల్ఫ్‌లో సెలవు. మధ్యాహ్నం కొండల్ బువ్వ తిని పడుకుంటాడు, అందుకని నీడ కూడా గోడ దిగి తులసిగద్దె పక్కన వెల్లకిలా పడుకుంది. కుడిచెయ్యి చాపి, అరచెయ్యి తెరిచి ఉంది. బాలలక్ష్మి పాత ఇరుసును కిరసనాయిలుతో తుడిచి, బూడిదతో తోమి, తడిగుడ్డతో మళ్ళీ తుడిచి తెచ్చింది.

"ఎడమచేతిల పెట్టు పిల్లా. కుడిచేత్తోని బువ్వ తినాలె వాడు" అన్నది చంద్రవ్వ.

"ఎడమచేతికి ఏం తెలుస్తదత్తా? పనిచేసే చేతికే కొలత తెలుస్తది."

పొడుగు కొన బొటనవేలి దిక్కు, పొట్టి కొన చిటికెనవేలి దిక్కు ఉండేట్టు చూసుకుని ఇరుసును నీడ అరచేతిలో పెట్టింది. పైన తన చెయ్యి వేసి గట్టిగా అదిమింది. కింద మట్టి వెచ్చగా ఉంది. పోగులో మాటలు పట్టలేదు, ఇనుములో పడతాయేమో అన్నట్టు మనసులో ఒకటే అనుకుంది. ఇది తెచ్చుకుని రా. దీని కోసం నేను పట్టణమంతా తిరిగిన, గుట్టంతా మోసిన. నువ్వు కూడా అంత గట్టిగ రా.

నీడ వేళ్ళు కదిలాయి. ఒక్కొక్కటిగా ముడుచుకుని ఇరుసును పట్టుకున్నాయి. ఇక వదల్లేదు.

సాయంత్రం నీడ లేచింది. ఇరుసు మట్టి మీదే ఉండిపోయింది, పిడికిలి మాత్రం మూసుకునే ఉంది. మర్నాడు గోడ మీద నీడ ఒంటిచేత్తో ఇటుకలు ఎత్తింది. ఎడమచేత్తో బువ్వ తిన్నది. అది చూసి చంద్రవ్వ నెత్తి కొట్టుకుంది. "నా కొడుకును అవిటోన్ని జేసినవు గదనే! ఎడమచేత్తోని తింటుండు, మా ఇంట ఎన్నడన్న ఉన్నదా?" బాలలక్ష్మి గోడ దగ్గరికి పోయి నీడ పిడికిలి మీద తన వేళ్ళు పెట్టి విప్పచూసింది. సున్నం రాలింది గాని వేలు కదల్లేదు. మంచి చేయబోతే చెడు ఎదురైందా? అయినా మర్నాడు పొద్దున్నే క్యాను నెత్తికెత్తుకుంది. మోయాల్సినవి మోయక తప్పదు.

ఒకటో తారీఖు వచ్చింది. ఆమె రోడ్డు దాకా పోయి వచ్చేసరికి చంద్రవ్వ పప్పు, చేట అన్నీ పక్కన పెట్టి గోడ ముందర కూచుని ఉంది. కోడలు కూడా పక్కన కూచుంది. ఎండ నడినెత్తికి వస్తుండగా గోడ మీద నీడ ఎవరి వెనకో నిలబడినట్టు నిలబడి, అడుగు అడుగు ముందుకు జరిగింది. తర్వాత లేని బల్ల మీదికి వంగింది.

"సంతకం" అన్నది బాలలక్ష్మి.

నీడ కుడిచెయ్యి ముందుకు చాపింది. పిడికిలి మూసుకునే ఉంది. ఏదో వేళ్ళ నడుమ దూర్చబోయి, జారి, మళ్ళీ దూర్చబోయింది. ఎవరో కనపడని మనిషి దాని వేళ్ళు పట్టి గుంజుతున్నట్టు చెయ్యి ముందుకు సాగింది, వెనక్కు వచ్చింది. పిడికిలి విచ్చుకోలేదు. అప్పుడు నీడ ఎడమచెయ్యి పైకి లేచింది. బల్ల మీద, గాలిలో, బొటనవేలు చాపి అట్లాగే నిలిచింది. అది ఎందుకో అత్తకూ తెలియలేదు, కోడలికీ తెలియలేదు. ఆ చెయ్యి అట్లా చాలాసేపు ఉండి, మెల్లగా కిందికి దిగి, ప్యాంటు జేబులోకి పోయింది. నీడ వెనక్కు తిరిగి నడిచింది.

ఆ సాయంత్రం నీడ ఎక్కడెక్కడో తిరిగింది. ఒక చోట దుకాణం ముందర నిలిచినట్టు ఆగి కుడి పిడికిలి చాపింది. మూసిన పిడికిలి నడిమి సందులోకి ఎవరో ఏవేవో గుచ్చి, గుచ్చి తీస్తున్నట్టు చెయ్యి అదురుతూ ఉంది. ఒకటి పెట్టారు, తీశారు. ఇంకొకటి పెట్టారు, తీశారు. చంద్రవ్వ దీపం ముట్టించడానికి లేవబోతుంటే పిడికిలి టక్కున తెరుచుకుంది. అయిదు వేళ్ళూ గోడ మీద విచ్చుకున్నాయి.

"కుదిరింది!" అని బాలలక్ష్మి ఎగిరి నిలబడింది. వాకిట్లో అత్తను పట్టుకుని ఏడ్చింది కూడా. అంతకుముందు గుట్ట మీద పడ్డప్పుడు దాచుకున్న ఏడుపు అది.

కొన్నాళ్ళ తర్వాత ఒక పొద్దున నీడ గోడ మీద విచిత్రంగా కూచుంది. మోకాళ్ళు ముడుచుకుని, నడుముకు పట్టీ కట్టినట్టు బిగుసుకుని, చేతులు రెండూ పక్కన దేని మీదో ఆనించి.

"కుర్చి లేకుంట కూసున్నడేంది వీడు?" అన్నది చంద్రవ్వ.

బాలలక్ష్మి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇమానమత్తా. ఇమానంల ఉన్నడు."

జీపు వచ్చి ఇంటి ముందర ఆగేసరికి నీడ గోడ దిగి గడప దగ్గర నిలబడి ఉంది. కొండల్ దిగి ముందు తల్లి కాళ్ళకు మొక్కాడు. నీడ పాకుతూ పోయి అతని మడమలకు అతుక్కుంది. మనిషి చిక్కిపోయాడు, నీడ కొంచెం వదులైంది. "నాలుగు దినాలు జొన్నరొట్టె తింటె అదే సరిపోతది" అని చంద్రవ్వ తేల్చేసింది. పీట మాత్రం ఆమె లోపల అటక మీద పెట్టేసింది.

మొండయ్య చేతిలో కొండల్ తెచ్చిన ఇరుసు ఇట్టే కూచుంది. గట్లు ఛర్రాల మీద కుదిరాయి, పొడుగు కొన కుడి దిక్కు వచ్చింది, పళ్ళచక్రం చట్రానికి వడ్లగింజంత ఎడంగా చప్పుడు లేకుండా తిరిగింది. మొండయ్య ఒకసారి తిప్పి వదిలేస్తే, అది ఆగేదాకా ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు.

మర్నాడు ఊరి పాలన్నీ రెండు క్యాన్లలో నిండాయి. బాలలక్ష్మి గొలుసు చిన్న చక్రం మీదికి మార్చుకుని గుట్ట ఎక్కింది. కొండల్ వెనక నడిచి వచ్చాడు. అతని కంటే ముందు అతని నీడ, పొద్దుటి ఎండలో పొడుగ్గా, ఆమె వెనక చక్రాన్ని అందుకుంటూ వచ్చింది. కొన మీద ఆమె దిగి ఊపిరి తీసుకుంది. కింద రోడ్డు కనపడుతోంది, వ్యాను ఇంకా రాలేదు.

"నీకొక మాట చెప్పాలె" అన్నది ఆమె, హ్యాండిల్ మీది చేతులు చూసుకుంటూ. "నేను కొలత కోసమే పెట్టిన. నీ చెయ్యి అట్ల మూసుకపోతదని నాకెరుక లేదు. నావల్లనే నువ్వు సంతకం పెట్టలేకపోయినవు. పెడుదమనుకున్నవో ఏమో. నామీద కోపమున్నదా?"

కొండల్ ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని ఒక రాయి మీద కూచున్నాడు. కుడి అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. అందులో ఇరుసు గట్లు పడ్డ చోట రెండు సన్నని గీతలు ఇంకా ఉన్నాయి.

"కలం పట్టరాలే, నిజమే" అన్నాడు. "గుమస్తా మంచోడే. పరేషాన్ గాకు, ఏలిముద్ర ఎయ్యి, అదే చెల్లుతది అన్నడు. సిరా డబ్బ గూడ ముందర పెట్టిండు."

"మరి?"

"మొగోళ్ళది ఎడమచేతి బొటనవేలు ఏపిస్తరు గద బాలా. ఆ చెయ్యి ఖాళీగనే ఉండె."

బాలలక్ష్మికి గోడ మీద బొటనవేలు చాపి గాలిలో నిలిచిన చెయ్యి గుర్తుకొచ్చింది. అది చాలాసేపు నిలిచింది. ఆ తర్వాత అది ఎక్కడికి పోయిందో కూడా ఆమె చూసింది.

కింద రోడ్డు మీద పాల వ్యాను హారన్ కొట్టింది. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని సైకిల్ ఎక్కింది. "జేబుల పెట్టుకున్న చెయ్యి జర బయటికి తియ్యి" అన్నది వెనక్కు తిరిగి. "క్యాన్లు దించాలె."